నైటౌట్ డ్యూటీ

తాళం తుప్పుపట్టి ఉండాది.
కిరసనాయిలు పోసి, రాయితో రెండు దెబ్బలేసి
గుడి తలుపు తెరిచినాడు మా ఆయన.
లోపల రెండేండ్ల గబ్బిలాల కంపు,
పీఠం మీద ఎవరో దాచి మరిచిపోయిన
పుచ్చు శనగల మూట.

పంపించినోళ్ళు కాగితం మీద ఊరి పేరు తప్పు రాసినారు.
ఆయనే దిద్దినాడు.
పదకొండేండ్లు ఈ రూట్లో టికెట్లు కొట్టినోడు,
నల్లగుండ్ల కొట్టాలంటే తెలీదా!

జమ్మలమడుగు డిపోలో ముప్పై నాలుగేండ్ల కండక్టరు తిమోతి.
మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో
ముప్పై ఒక్కేండ్ల ఆయా సలోమమ్మ, అంటే నేను.
ఆయన నైటౌట్ నుంచి దిగేసరికి నేను పగటి డ్యూటీకి ఎక్కేదాన్ని,
నాకు రాత్రి డ్యూటీ పడితే ఆయన ఫస్ట్ సర్వీసుకు లేచేవాడు.
వాకిట్లో ఎదురుపడితే
ఇంటి తాళంచెవి చేతులు మారేది, అంతే.
పిల్లోళ్ళెట్ల పుట్టినారే అని మా చెల్లెలు నవ్వేది.

అయ్యగారు లేని ఊర్లకు
రిటైరైనోళ్ళు జంటగా పోవాల, పద్దెనిమిది నెలలు,
పింఛను మీదే, బియ్యం మీవే, కప్పు మాది అన్నారు.
ఆ కప్పు కడప బండలది.
పగలంతా మింగిన ఎండను
రాత్రంతా నెమరేస్తాది.

బయట మంచాలేసుకున్నాం.
పక్కన మనిషి ఎట్ల నిద్రపోతాడో
నాకు అరవై ఒకటో ఏట తెలిసింది.
నిద్రలో చిల్లర లెక్కబెడతాడు.
“మూడు రూపాయలియ్యమ్మా, ఐదిస్తా” అంటాడు చీకటితో.
నాకేమో రెండు గంటలకోసారి మెలకువ.
ఏ మంచం మీదా నొప్పులు లేవు,
అయినా లేచి అందరినీ చూస్తా.
అందరూ అంటే ఆయనొక్కడే.

మొదటి ఆదివారం వినేదానికి ముగ్గురం.
నేనూ, ఓబులమ్మవ్వా, ఆమె చెయ్యి పట్టుకొచ్చిన పిల్లోడూ.
ఐదు నిమిషాల్లో వాక్యం ముగించి
“రైట్” అన్నాడు మా ఆయన,
నాలిక కరుచుకున్నాడు.
అవ్వ పళ్ళు లేని నోటితో విరగబడి నవ్వింది.
మరుసటి వారం
ఆ నవ్వు కోసమే ఇంకో నలుగురు వచ్చినారు.

“మమ్మల్ని మార్చనీకి వచ్చినారా సామీ?”
రచ్చబండ కాడ కుళ్ళాయప్ప నిలదీసినాడు.
“ఐదువందల నోటు మార్చలేక
ముప్పై నాలుగేండ్లు తిట్లు తిన్నోణ్ణి నాయినా,
మనుషుల్ని నేనేం మారుస్తా” అన్నాడీయన.
ఆ సాయంత్రమే కుళ్ళాయప్ప
వాళ్ళమ్మ రేషన్ కార్డు తెచ్చి చూపించినాడు, పేరు తప్పు పడిందని.

శనగ కోతలొచ్చినాయి.
ప్రార్థన రాత్రి తొమ్మిదికి జరిగింది.
మోకరించినోళ్ళ అరచేతుల్లో పగుళ్ళు,
శనగాకు పులుపు వాసన.
ఏసయ్యకు కాళ్ళు దొరికినాయి కడగనీకి,
నాకు చేతులు దొరికినాయి.
గోరువెచ్చని నీళ్ళు, కాస్త కొబ్బరినూనె.
ప్రార్థన సగంలో ఉండంగానే
ఒకామె అట్లనే నా భుజం మీద నిద్రపోయింది.
ఆమెన్ మెల్లగా అనమని సైగ చేసినా.

ఆరు నెలలకు ఫారం వచ్చింది.
బాప్తిస్మాలెన్ని, కొత్త కుటుంబాలెన్ని, కానుకలెంత.
కట్ట మీద కూర్చొని, కండ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకొని
డిపోలో లెక్క అప్పజెప్పినట్టే నింపినాడు.
బాప్తిస్మాలు: సున్నా.
కానుకలు: నూట ఎనభై రెండు రూపాయలు, ఒక సొరకాయ.
టికెట్ లేనోళ్ళు అని తానే ఒక గడి గీసినాడు,
అందరూ, నాతో కలిపి, అని రాసినాడు.
రిమార్కుల కాడ శానాసేపు ఆగి:
ఎక్కినోళ్ళు దిగలేదు.

ఇదేం రాతయ్యా, నవ్వుతారు, అన్నా.
నవ్వనీలే అన్నాడు.
నిజానికి నాకు దిద్దాలనిపించలేదు.

ఇంకా పన్నెండు నెలలుండాది.
నిన్న గుడిగంట తాడు తెగింది.
తోలుసంచిలో, బైబిలు కింద, నా బీపీ మిషను పక్కన
వెతికి వెతికి పాత విజిల్ తీసినాడు.
రెండుసార్లు ఊదినాడు.
చేను గట్టు మీద టార్చిలైట్లు ఉరుకులు పెట్టినాయి.
అన్నిటికన్నా వెనక నుంచి ఓబులమ్మవ్వ గొంతు,
“ఆపు నాయినా, ఆపు, వస్తాండా!”